కాకి ఎగిరింది, ఆవు ఎగరలేదు: ఆటల్లో ఫార్సీ

కిందటి సంచికలో పిల్లలకి ఇంట్లో ఇంకో భాష ఎలా అలవాటు చేయాలో రాస్తూ, మా పిల్లలు ఫార్సీని ఆటల్లోనే నేర్చుకున్నారని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలొచ్చాయి. మావారి ఉద్యోగం వల్ల ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఎనిమిదేళ్ళు కాపురం ఉన్నాం, ఇద్దరు పిల్లలూ అక్కడి పిల్లల మధ్యే పెరిగారు, కాబట్టి చూసిందీ చేసిందీ చెప్తాను. ముందుగా ఒక మాట: ఫార్సీ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను, బాజీ, బెందాజ్ లాంటి చోట్ల జ ని ‘జీరో’లో పలికినట్టు పలకండి. ఖ, ఘ మాత్రం మన ఖ, ఘ లు కావు, గొంతు లోపలి నుంచి రావాలి. దాని సంగతి కింద ఒక జవాబులో ఉంది.

ప్రశ్న: అక్కా, మావారిది షిరాజ్. మేం ఉండేది ఇరాన్‌లో కాదు, అందుకని పాపకి ఫార్సీ వినిపించేది ఆయన నోటి నుంచి మాత్రమే. దానికి నాలుగేళ్ళు. బొమ్మల కార్డులు కొని రోజూ సాయంత్రం కూర్చోబెడుతున్నాను. యాభై బొమ్మలు చూపిస్తే నలభైకి పేర్లు టకటకా చెప్పేస్తుంది. కానీ ఆడుకునేటప్పుడు ఒక్క ఫార్సీ ముక్క రాదు, అంతా తెలుగే. కార్డుల మీద మాటలు కార్డుల మీదే ఉండిపోతున్నాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: మీరు అడిగే ప్రశ్నలోనే ఉందమ్మా పొరపాటు. ‘ఇదేంటి?’ అని అడుగుతున్నారు. అదేంటో మీకు తెలుసని దానికీ తెలుసు. పేరు చెప్పేస్తే అమ్మ సంతోషిస్తుంది, ఇంక లేచి వెళ్ళిపోవచ్చు. ఆ మాటతో దానికి అక్కడితో పని అయిపోయింది. అదే మాట అంటే తప్ప బంతి చేతికి రాదనుకోండి, అప్పుడు చూడండి.

ఆ కార్డుల్ని ఒక పది రోజులు అటక మీద పెట్టేయండి. ఒక బంతి తీసుకోండి, ఫార్సీలో తూప్. వాళ్ళ నాన్న ఎదురుగా నేల మీద కూర్చోవాలి, మీరు కాదు, ఆయనే. పేర్ల కంటే ముందు కావలసినవి చెయ్యమని చెప్పే మాటలు: బెందాజ్ అంటే విసురు, బెగీర్ అంటే పట్టుకో, బెదె అంటే ఇవ్వు, బియా అంటే రా, బొదో అంటే పరుగెత్తు. మొదటి రెండు రోజులూ ఆయనే అంటూ ఆడతారు. మూడో రోజు నుంచి పాప ‘బెందాజ్’ అనేదాకా బంతి ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన మొహం అమాయకంగా పెట్టుకుని బంతిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి, అంతే. అది ‘బెందా’ అన్నా, ‘దాజ్’ అన్నా బంతి వెళ్ళిపోవాలి. దిద్దకండి, మళ్ళీ అనమనకండి. ఆయన విసురుతూ ‘బెందాజ్’ అని మామూలుగా అంటారు కదా, దాని చెవి అదే దిద్దుకుంటుంది. రెండో వారంలో ఇంకో బంతి తెచ్చి రంగు చేర్చండి: తూపె ఘెర్మెజ్ ఎర్ర బంతి, తూపె ఆబీ నీలం బంతి. మనకి రంగు ముందు, వస్తువు వెనక. వాళ్ళకి వస్తువు ముందు, రంగు వెనక, మధ్యలో చిన్న ‘ఎ’. ఇది వ్యాకరణంలా చెప్తే ఎవరికీ ఎక్కదు, ఏ బంతి కావాలో అడగాల్సి వచ్చినప్పుడు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. రెండు బంతులుంటే దొ తా తూప్ అంటారు, అంకె పక్కన బహువచనం రాదు. పెద్దవాళ్ళం మనమే అక్కడ ‘తూప్‌హా’ అని తడబడతాం, ఆటలో నేర్చుకున్న పిల్లలు తడబడరు.

ఇంక పేర్లు కావాలంటే కార్డుల కంటే వెయ్యి రెట్లు మంచి ఆట ఒకటుంది, ఇరాన్‌లో ప్రతి ఇంట్లో ఆడేది, ‘కలాఘ్ పర్’. కలాఘ్ అంటే కాకి, పర్ అంటే ఎగరడం అనుకోండి. అందరూ గుండ్రంగా కూర్చుని చూపుడువేలు నేల మీద ఆనిస్తారు. ఒకరు నడిపిస్తారు: ‘కలాఘ్... పర్!’ అందరి వేళ్ళూ పైకి లేస్తాయి. ‘గొంజెష్క్... పర్!’ పిచ్చుక, లేస్తాయి. ‘కబూతర్... పర్!’ పావురం. ‘పర్వానె... పర్!’ సీతాకోకచిలుక. వేగం పెంచుకుంటూ పోయి ఉన్నట్టుండి ‘గావ్... పర్!’ అంటారు. గావ్ అంటే ఆవు. వేలు లేపినవాడు దొరికిపోయాడు. ఇక్కడ చూడండి, ‘గావ్ అంటే ఏంటి’ అని ఎవరూ అడగడం లేదు, కానీ గావ్ అంటే ఏంటో తెలియకపోతే ఓడిపోతారు. మా అమ్మాయి ‘హవాపైమా పర్’ అని విమానాన్ని తెచ్చినప్పుడు అది ఎగిరినట్టా కానట్టా అని పావుగంట పోట్లాట జరిగింది, ఆ పోట్లాటంతా ఫార్సీలోనే. నాలుగైదు రోజులయ్యాక నడిపించే పని పాపకే ఇవ్వండి. మాటలు దానికే వెతుక్కోవాల్సి వస్తుంది. మీరూ నేల మీద వేలు పెట్టి కూర్చోండి, తెలియక తప్పు లేపితే లేపండి, అమ్మ ఓడిపోతే దానికి పండగే.

ప్రశ్న: మేడమ్ గారూ, ఉద్యోగం మీద టెహ్రాన్ వచ్చి మూడు నెలలైంది. అమ్మాయికి తొమ్మిది, అబ్బాయికి ఏడు. సాయంత్రం కిందకి పంపిస్తే పిల్లలంతా ఆడుకుంటుంటే వీళ్ళిద్దరూ గోడకానుకుని చూస్తూ నిలబడుతున్నారు. ఏ ఆటలు నేర్పి పంపించాలో చెప్పండి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

జవాబు: ఆటలు నేర్పక్కర్లేదు తమ్ముడూ, మీ పిల్లలకి సగం వచ్చే ఉంటాయి. వాళ్ళు ఏడు రాళ్ళు పేర్చి బంతితో కొడుతుంటే అది ‘హఫ్త్ సంగ్’, అచ్చంగా మన ఏడుపెంకులాట. హఫ్త్ ఏడు, సంగ్ రాయి. గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతుతుంటే అది ‘లైలై’, మన తొక్కుడుబిళ్ళ. ఐదు గులకరాళ్ళతో ‘యెఘొల్ దొఘొల్’ ఆడితే అవి మన అచ్చనగాయలే. చిన్న కర్రని పెద్ద కర్రతో లేపి కొడితే ‘అలక్ దొలక్’, మన బిళ్ళంగోడు. ఎత్తు మీద ఉన్నవాళ్ళని పట్టుకోకూడదన్న పట్టింపుతో పరుగెడుతుంటే ‘గొర్గమ్ బె హవా’, మన నేలాబండా. పట్టుకునేవాడు గొర్గ్, అంటే తోడేలు. చెడుగుడుని అక్కడ పాతకాలం నుంచీ ‘జూ’ అంటారు, కూత ‘జూ...’ అనే పెడతారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో కబడ్డీ బంగారు పతకాలు మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ ఇరానే పట్టుకుపోయింది, కాబట్టి ఈ ఆట మనదేనని మీ అబ్బాయి గొప్పలు పోకుండా చూసుకోండి.

కావలసినవల్లా ఆటలోకి దూరే మాటలు, ఆటలో నిలబడే మాటలు. అవి పది కూడా ఉండవు, ఈ రాత్రే ఇంట్లో అనిపించండి. మొదటిది ‘మనమ్ బాజీ మీదీన్?’ నన్నూ ఆడనిస్తారా అని. ఇది అడగడం రాకే గోడకానుకుని నిలబడుతున్నారు. తరవాత ‘నొబతె మనె’, నా వంతు. ‘జెర్ నజన్’, తొండి చెయ్యకు. ఇందులో జెర్ లో జ మాత్రం మన జ. ‘ఘబూల్ నీస్త్’, చెల్లదు. కబూలు అన్నమాట మనకి తెలిసిందే కదా. ‘దొబారె’, మళ్ళీ. ‘అజ్ అవ్వల్’, మొదటి నుంచి. బొర్దమ్ అంటే గెలిచాను, బాఖ్తమ్ అంటే ఓడిపోయాను. పోట్లాడుకోవడం రానిదే పిల్లలు ఆటలో ఉండలేరు, అందుకే ‘సలామ్, హాలెత్ చెతొరె’, అంటే నమస్తే, ఎలా ఉన్నావు, కంటే ముందు నేను ‘జెర్ నజన్’ నేర్పమంటాను.

ఇంకో మాట ఉంది, అది మా ఇంటి కథ. ఇస్ఫహాన్‌లో మా వాటా వెనక పెద్ద తూత్ చెట్టు, మల్బరీ, దాని కింద సిమెంటు నేల మీద సుద్దతో ఎప్పుడూ లైలై గళ్ళు ఉండేవి. మావాడికి ఆరేళ్ళు, మొదటిసారి ధైర్యం చేసి గెంతాడు. నాలుగో గడిలో మడమ గీత మీద పడగానే ‘సూఖ్తీ! సూఖ్తీ!’ అని ఐదారు గొంతులు ఒక్కసారి లేచాయి. వాడు బిక్కమొహం వేసుకుని మెట్లెక్కి వచ్చి, సూఖ్తీ అంటే ఏంటమ్మా అన్నాడు. నాకూ అప్పటికి భాష అంతంతమాత్రం, నిఘంటువు తీసి చూస్తే ‘కాలిపోయావు’ అని ఉంది. చెప్తే వాడు వంగి కాళ్ళు చూసుకున్నాడు. ఆటలో ‘అవుట్ అయ్యావు’ అనడానికి అక్కడి పిల్లలు కాలిపోయావనే అంటారని పక్కింటావిడ చెప్పాక వాణ్ణి మళ్ళీ కిందకి తోశాను. మర్నాడు చెట్టు కింద నుంచి అందరికంటే గట్టిగా ‘సూఖ్తీ’ అని అరిచిన గొంతు వాడిదే. అదే మాట తరవాత ఎప్పుడో ఆగ్నేయ ఇరాన్‌లోని ‘షహ్రె సూఖ్తె’ గురించి చదువుతూ గుర్తుపట్టాడు, అమ్మా కాలిపోయిన ఊరు అని. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఆ ఊరి సమాధుల్లో ఒకదాంట్లో ఇరవై గళ్ళ ఆటపలక, పాచికలు దొరికాయి. దెబ్బలాడుకుంటూ ఆడుకోవడం అక్కడ అంత పాతది.

ప్రశ్న: మా మనవరాలికి ఫార్సీ అక్షరాల చెక్క ఘనాలు పంపుదామనుకుంటున్నాను. బొమ్మల్లో వేరే ఏవైనా ఉపయోగపడతాయా? చంటిది, మూడేళ్ళు నిండాయి.

జవాబు: అక్షరాల ఘనాలు వద్దండీ, కనీసం ఇప్పుడు వద్దు. ఇంగ్లీషు అక్షరాలైతే పక్కపక్కన పెడితే మాట అవుతుంది. ఫార్సీలో 32 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. మాటకి మొదట్లో ఒక రూపు, మధ్యలో ఒకటి, చివర ఒకటి. వాటిలో ఏడు మాత్రం తమ తరవాతి అక్షరం చెయ్యి పట్టుకోవు. ఇరానీ పిల్లలు ఒకటో తరగతిలో మొట్టమొదట నేర్చుకునే మాటల్లో ఒకటైన ‘బాబా’నే తీసుకోండి, రాస్తే రెండు జతలుగా ఉంటుంది. ఘనాలతో పేరిస్తే నాలుగు విడి గుర్తులు పడతాయి, పుస్తకంలో కనిపించే ‘బాబా’కీ దానికీ పోలికే ఉండదు. ఆ ఘనాలతో గోపురాలు కట్టుకోనివ్వండి, బాలా అంటే పైన, పాయీన్ అంటే కింద, ఒఫ్తాద్ అంటే పడిపోయింది, వాటికి భేషుగ్గా పనికొస్తాయి.

కొనాలనుకుంటే టీ సామాను బొమ్మలు కొనండి. అక్కడి ఆడపిల్లలూ మగపిల్లలూ ‘ఖాలె బాజీ’ ఆడతారు, ఖాలె అంటే పిన్నో పెద్దమ్మో, అమ్మ తోబుట్టువు. పిన్ని వచ్చింది, పిన్నికి టీ ఇవ్వాలి, మన బొమ్మరిల్లు ఆటే. ఆ ఒక్క ఆటలో ఇల్లంతా వస్తుంది: సొఫ్రె అంటే నేల మీద పరిచే గుడ్డ, దాని మీద సమావర్ అంటే టీకి నీళ్ళు కాచే పాత్ర, ఎస్తెకాన్ అంటే నడుము సన్నగా ఉండే టీ గ్లాసు, ఘంద్ అంటే చక్కెర బిళ్ళ, ఘాషొఘ్ చెంచా, బొష్ఘాబ్ పళ్ళెం. మర్యాదలూ అందులోనే వస్తాయి. పక్కింటి ఐదేళ్ళ పిల్ల మా అమ్మాయికి ఖాళీ గ్లాసు రెండు చేతులతో అందించి ‘బెఫర్మాయీద్’ అంది, తీసుకోండి అని. మాది ‘న’ అని ఊరుకుంది. ఆ పిల్ల గ్లాసు వెనక్కి తీసుకోలేదు, ఇంకొంచెం ముందుకి జరిపి మళ్ళీ ‘బెఫర్మాయీద్’ అంది. ఇది మళ్ళీ వద్దంది. మూడోసారికి ఆ పిల్ల గ్లాసు దీని ఒళ్ళోనే పెట్టేసి, చక్కెర బిళ్ళ బదులు తెల్ల గులకరాయి ఒకటి పక్కన పెట్టి, మూతి తుడుచుకుని కూర్చుంది. రెండుసార్లు వద్దనడం, మూడోసారి పుచ్చుకోవడం అక్కడి పెద్దల తఆరొఫ్, అంటే మర్యాద పద్ధతి. బొమ్మ గ్లాసులతోనే పిల్లలకి ఒంటబడుతుంది. తాగాక ‘దస్తె షొమా దర్ద్ నకొనె’ అనాలి, మీ చెయ్యి నొప్పెట్టకూడదు అని, అది వాళ్ళ థాంక్స్. దానికి జవాబు ‘సరెత్ దర్ద్ నకొనె’, నీ తల నొప్పెట్టకూడదు. మీ మనవరాలు మీకు ఫోన్లో ఈ మాట అంటే మీరు ఈ జవాబే చెప్పండి, రెండు వైపులా మాట ఉంటేనే అది నిలుస్తుంది.

తరవాత బట్టలు విప్పి తొడిగే బొమ్మ ఒకటి. బొమ్మని అరూసక్ అంటారు, అరూస్ అంటే పెళ్ళికూతురు, అరూసక్ అంటే చిట్టి పెళ్ళికూతురు. కొలాహ్ టోపీ, మన కుళ్ళాయి అక్కడి నుంచి వచ్చిందే. జీబ్ జేబు, జూరాబ్ మేజోళ్ళు, కఫ్ష్ చెప్పులూ బూట్లూ. తాడు కట్టి లాగే జంతువు బొమ్మ దొరికినా మంచిదే. ఇరాన్‌లోని పాత సూసా నగరంలో క్రీస్తుకి పూర్వం 12వ శతాబ్దం నాటి ముళ్ళపంది బొమ్మ ఒకటి దొరికింది, చక్రాల పలక మీద నిలబెట్టి ఉంటుంది, పక్కన అలాంటిదే సింహం. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. గుడి దగ్గర దొరికాయి కాబట్టి ఆట బొమ్మలో మొక్కుబడులో చెప్పడం కష్టం, కానీ ఆ ముళ్ళపందిని చూసిన ఏ పిల్లయినా తాడు కోసం వెతుకుతుంది. ముళ్ళపందిని జూజె తీఘీ అంటారు, ముళ్ళ కోడిపిల్ల అని అర్థం.

ప్రశ్న: మా బాబుకి ‘ఖ’ గట్టిగా రావడం లేదు, ‘క’ అంటున్నాడు. ఖానె ని కానె అంటాడు. టెన్షన్ పడాలా?

జవాబు: అక్కర్లేదు. గురక ఆట ఆడించండి. ఫార్సీలో గురకని ‘ఖొర్ ఒ పొఫ్’ అంటారు, ఆ మాటలోనే గురక ఉంది. దుప్పటి కప్పుకుని పడుకోవాలి, ఎవరి ఖొర్ గట్టిగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. రెండు రోజుల్లో ఖ గొంతులోంచి ఊడిపడుతుంది. ఘ కి పుక్కిలింత: ‘ఘెర్‌ఘెరె’ అంటేనే నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించడం. పళ్ళు తోముకునేటప్పుడు నీళ్ళతో ఒకసారి, నీళ్ళు లేకుండా ఒకసారి. మాటని పట్టుకుని దిద్దొద్దు, శబ్దంతో ఆడుకోనివ్వండి.

ప్రశ్న: సెలవుల్లో పన్నెండు మంది పిల్లల్ని పోగేసి వారానికి ఒకరోజు ఫార్సీ ఆటలు ఆడించాలని మా ఆలోచన. నాలుగేళ్ళ వాళ్ళూ ఉన్నారు, తొమ్మిదేళ్ళ వాళ్ళూ ఉన్నారు. అందరికీ కుదిరే ఆట ఉందా?

జవాబు: ‘అమూ జంజీర్‌బాఫ్’ మొదలుపెట్టండి. గొలుసులు అల్లే బాబాయి అని అర్థం. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు, ఒకరు పిలుస్తూ అడుగుతారు, మిగతా అందరూ ‘బలె’ అంటారు, అవునని. నాలుగేళ్ళవాడికి ఆ ఒక్క బలె చాలు, మొదటి రోజే పూర్తి ఆటగాడు. గొలుసు అల్లావా, కొండ వెనక పారేశావా, నాన్న వచ్చాడు, ఏం తెచ్చాడు, శనగలూ కిస్‌మిస్‌లూ, ఇలా సాగుతుంది. చివరికి వచ్చే ప్రశ్న కోసమే నేనీ ఆటని నెత్తిన పెట్టుకుంటాను: ‘బా సెదాయె చీ?’ దేని గొంతుతో? పెద్ద పిల్లల్లో ఒకరు జంతువు పేరు చెప్పాలి, గొర్బె అంటే పిల్లి, ఖొరూస్ అంటే కోడిపుంజు, అందరూ ఆ కూత కూస్తూ తిరగాలి. జంతువు పేరు తెలియని చిన్నవాడికి పక్కవాడి కూత వినగానే తెలిసిపోతుంది. కొండని కూహ్ అంటారు, కోహినూరులో ఉన్న కోహ్ అదే, వెలుగు కొండ అని.

అలిసిపోయాక కూర్చోబెట్టి కాళ్ళు చాపించండి, ‘అతల్ మతల్’. మన ‘కాళ్ళా గజ్జా కంకాళమ్మా’ ఎలా ఆడతామో సరిగ్గా అలాగే, మాటకో కాలు తాకుతూ పోయి ఆగిన కాలు ముడుచుకోవాలి. మా అమ్మ ఇస్ఫహాన్ వచ్చినప్పుడు ఫార్సీ ఒక్క ముక్క రాకుండానే పక్కింటి పిల్లల వరసలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఈ ఆట ఆడింది.

ప్రశ్న: మా మామగారు ఇరానీ, చదువుకున్న మనిషి. పిల్లలు ఆటల్లో వీధి భాష పట్టుకుంటున్నారని, నాన్ ని నూన్ అంటున్నారని ఆయనకి కోపం. ముందు శుద్ధమైన భాష నేర్పమంటున్నారు. ఆయన మాట తీసెయ్యలేను.

జవాబు: ఆయన మాట తీసెయ్యొద్దు, ఆయన వరసని మాత్రం కొంచెం మార్చుకోమని అడగండి. రొట్టె పుస్తకంలో నాన్, నోట్లో నూన్. ఇల్లు పుస్తకంలో ఖానె, నోట్లో ఖూనె. వాన బారాన్, నోట్లో బారూన్. టెహ్రాన్ వీధుల్లోనే కాదు, మీ మామగారు కూడా ఆకలేసినప్పుడు నూనే అడుగుతారు, గమనించండి. ఆటలో పిల్లవాడు ‘బారాన్ మీ ఆయద్’ అని పుస్తకంలా అంటే అక్కడి పిల్లలు వాణ్ణి వింతగా చూస్తారు, వాడు మళ్ళీ గోడకానుకుంటాడు. ముందు నోటి భాష రానివ్వండి, చదవడం మొదలయ్యాక నూన్ కి ఇంకో రూపు నాన్ అని తెలుసుకోవడం పిల్లలకి పెద్ద పని కాదు, మన పిల్లలు ‘వస్తున్నా’ అంటూనే ‘వచ్చుచున్నాను’ చదవడం లేదూ? మామగారికి వేరే పెద్దపీట వేయండి: రాత్రిపూట తోలుబొమ్మో చేతిబొమ్మో పట్టుకుని కథ చెప్పమనండి. అక్కడ ‘ఖైమె షబ్ బాజీ’ అని పాత తోలుబొమ్మలాటలాంటి ఆట ఉంది, గుడారం, రాత్రి, ఆట అని ఆ మూడు మాటల అర్థం. ఆ బొమ్మ రాజు గారైతే నాన్ అంటుంది, నౌకరైతే నూన్ అంటుంది. రెండూ ఒకే రాత్రి పిల్లల చెవిన పడతాయి, ఆయన గౌరవమూ నిలుస్తుంది.

ప్రశ్న: నేను అమ్మమ్మని. నాకు ఫార్సీ రాదు. మన తెలుగులో ఫార్సీ మాటలు చాలా ఉన్నాయంటారు కదా, వాటితో మనవడితో ఏమైనా ఆడించవచ్చా అమ్మా?

జవాబు: తప్పకుండా పెద్దమ్మా, ఈ పని మీరు చేసినంత బాగా ఎవరూ చెయ్యలేరు. ఇంట్లో వెతుకులాట పెట్టండి. బాదం, పిస్తా, కిస్‌మిస్ మూడు గిన్నెల్లో పొయ్యండి, అక్కడ బాదామ్, పెస్తె, కెష్మెష్. కాగితం కాఘజ్, సబ్బు సాబూన్, చాకు చాఘూ, తరాజు తరాజూ, పరదా పర్దె. మీరు తెలుగు మాట అంటారు, వాడు దాని ఫార్సీ గొంతు అనాలి, వస్తువు తెచ్చి పెట్టాలి. రాయి, కాగితం, కత్తెర ఆట మీకు వచ్చే ఉంటుంది, అక్కడ దాన్ని ‘సంగ్, కాఘజ్, ఘైచీ’ అంటారు, అందులో ఒకటి మీరు పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటే.

మీకు ఇంకో తాళంచెవి కూడా ఉంది. ఫార్సీ, సంస్కృతం అక్కచెల్లెళ్ళు. మూషికం అక్కడ మూష్, అశ్వం అస్బ్, దంతం దందాన్, నామం నామ్. సంస్కృతం ‘స’ చాలాచోట్ల వాళ్ళ నోట్లో ‘హ’ అయింది, సప్త కి హఫ్త్. అష్ట కి హష్త్, పంచ కి పంజ్, దశ కి దహ్. వైకుంఠపాళి పటం పరిచి పందెం పడిన ప్రతిసారీ అంకె ఫార్సీలో అనిపించండి: యెక్, దొ, సె, చహార్, పంజ్, షెష్. అక్కడి పిల్లలకీ పాముల పటం ఉంది, ‘మార్ పెల్లె’ అంటారు, మార్ పాము, పెల్లె మెట్టు.

కానీ వేషం మార్చుకున్న మాటలు కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్త. నాకైతే అన్నిటికంటే అవే ముద్దు. గొలాబ్ అంటే అక్కడ గులాబి పువ్వు కాదు, పన్నీరు. గొల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. మన ఆబ్కారీలో ఆబ్, పంజాబులో ఆబ్ అదే. తమాషా అంటే వేడుక కాదు, ఊరికే చూడడం. పర్వానె అంటే మన పర్వానాలాగే అనుమతి పత్రమూ అవుతుంది, సీతాకోకచిలుకా అవుతుంది. కుర్చీ అనుకుని ‘కొర్సీ’ అడిగితే చలికాలంలో కింద కుంపటి పెట్టి పైన పెద్ద బొంత పరిచే పొట్టి బల్ల చూపిస్తారు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కాళ్ళు బొంతలో దూర్చుకుని కూర్చుంటారు, డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో అన్నిటికంటే పొడుగైన యల్దా రాత్రి అలా కూర్చుని దానిమ్మ గింజలు తింటూ కథలు చెప్పుకుంటారు. చిన్న బల్ల మీద దుప్పటి కప్పి, కింద మీరూ మీ మనవడూ కాళ్ళు దూర్చుకుని కూర్చోండి, కుంపటి మాత్రం వద్దు. ఆ దుప్పటి కిందే ‘గొల్ యా పూచ్’ ఆడొచ్చు: ఒక గింజ ఏ గుప్పిట్లో ఉందో చెప్పాలి, ఉంటే గొల్, లేకపోతే పూచ్, అంటే ఖాళీ.

ప్రశ్న: రోజుకి ఎన్ని మాటలు నేర్పాలి?

జవాబు: లెక్క పెట్టకండి. ఆట ఎంతసేపు సాగిందో చూసుకోండి, పిల్లలు ‘దొబారె’ అన్నారో లేదో చూసుకోండి.

ప్రశ్న: మావాడికి పదకొండేళ్ళు. కాకులూ ఆవులూ అంటే చిన్నపిల్లల ఆటలంటాడు. ఫుట్‌బాల్ పిచ్చి, మిగతాదేదీ పట్టదు. వీడికేం చెయ్యాలి?

జవాబు: ఫుట్‌బాలే ఇవ్వండి. గోల్ పోస్టుని ఫార్సీలో దర్వాజె అంటారు, గోల్ కీపర్‌ని దర్వాజెబాన్, అంటే దర్వాజా కాపలాదారు. తెలంగాణ పిల్లవాడైతే ఈ మాటని ఎప్పటికీ మర్చిపోడు. ఇరాన్ ఆడే మ్యాచ్ ఫార్సీ వ్యాఖ్యానంతో పెట్టి, దర్వాజె అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి, బడిపుస్తకం ముందు పదినిమిషాలు కూర్చోనివాడు తొంభై నిమిషాలు చెవులు రిక్కిస్తాడు.

ఇంట్లో అయితే ‘ఎస్మ్ ఫామీల్’. కాగితం మీద గళ్ళు గీసుకోవాలి: ఎస్మ్ పేరు, ఫామీల్ ఇంటిపేరు, షహ్ర్ ఊరు, కెష్వర్ దేశం, ఘజా తిండి, హైవాన్ జంతువు, మీవె పండు, రంగ్ రంగు. ఒక అక్షరం చెప్పగానే అందరూ దాంతో మొదలయ్యే మాటలతో గళ్ళు నింపాలి, ముందు నింపినవాళ్ళు ‘ఎస్తొప్’ అని అరిస్తే అందరి కలాలూ ఆగిపోవాలి. ఎవరూ రాయని మాటకి పది మార్కులు, ఇద్దరు రాస్తే చెరి ఐదు. ఆ పది మార్కుల కోసం వాడే నిఘంటువు తిరగేస్తాడు, మీరు చెప్పక్కర్లేదు. లిపి ఇంకా రాకపోతే మొదట్లో తెలుగు లిపిలోనే రాయనివ్వండి. ‘ష’ తో మొదలుపెట్టండి, సులువు: ఊరు షిరాజ్, జంతువు షీర్ అంటే సింహం. వాడు తిండి గడిలో కూడా షీర్ అనే రాసి పది అడిగితే మాత్రం ‘ఘబూల్ నీస్త్’ అనకండి. పాలని కూడా షీర్ అనే అంటారు, పలకడం, రాయడం రెండూ ఒక్కటే. నీళ్ళ కుళాయి కూడా షీరే, అది వాడికి ఇప్పుడే చెప్పకండి.